కోసిన కాయకు కుళ్లు: మేలు బ్యాక్టీరియా ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

దామలచెరువు మామిడి మండీలో బేనీషా కాయను చేతిలోకి తీసుకుని చూస్తే చాలాసార్లు మచ్చ కనబడదు. తొడిమ పచ్చిగా ఉంటుంది, తోలు నున్నగా ఉంటుంది, రేటు కూడా ఆ చూపు మీదే పడుతుంది. అదే కాయ చెన్నైలోనో బెంగళూరులోనో నాలుగైదు రోజులు మాగేసరికి భుజాల మీద ఆవగింజంత నల్ల చుక్కలు లేస్తాయి. మరో రెండు రోజుల్లో అవి కలిసిపోయి, పల్లంగా దిగిన పెద్ద మచ్చలవుతాయి. కొన్ని కాయల్లో భుజాలు శుభ్రంగానే ఉంటాయి గానీ ముచ్చిక చుట్టూ గోధుమరంగు వలయం మొదలై, చూస్తుండగానే సగం కాయ మెత్తబడిపోతుంది. కొన్నవాళ్లు కోత బాగాలేదంటారు, అమ్మినవాళ్లు రవాణాలో దెబ్బతిందంటారు. రెండూ కొంతవరకు నిజమే. అయితే ఆ శిలీంధ్రంలో ఎక్కువ భాగం లారీ ఎక్కడానికి చాలా ముందే, కాయ గోలీ అంత ఉన్నప్పుడే తోలులోకి చేరి ఉంటుంది.

కోత తర్వాత కుళ్లును మేలు చేసే బ్యాక్టీరియాతో ఆపవచ్చని ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది. ఎరువుల దుకాణంలో అలాంటి బ్యాక్టీరియాలైన సూడోమోనాస్ సంచి, బాసిల్లస్ సీసా తేలిగ్గా దొరుకుతున్నాయి. ఎగుమతి చేసేవాళ్లకు కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని అవశేషాల భయం ఉంది కాబట్టి ఆసక్తీ ఉంది. తెచ్చి వాడినవాళ్లలో కొందరు భేష్ అంటారు, కొందరు నీళ్లలో పోసినట్టే అంటారు. ఇద్దరు చెప్పేదీ సరైనదే కావచ్చు. ఈ బ్యాక్టీరియా కాపలాదారే గానీ వైద్యుడు కాదు. గాయం దగ్గర శిలీంధ్రం కంటే ముందు చేరితే ఆపగలదు. లోపల ఇప్పటికే కూర్చున్నదాన్ని బయటికి లాగలేదు. ఏ కాయ, ఏ కుళ్లు, ఏ రోజు అన్నది తేల్చుకోకుండా వాడితే ఫలితం లాటరీయే.

రెండు రకాల కుళ్లు, రెండు రకాల గడువు

నిమ్మ, బత్తాయి మీద వచ్చే పచ్చ బూజును తీసుకోండి. దాన్ని తెచ్చేది పెనిసిలియం డిజిటేటమ్. దీనికి గాయం కావాలి. తోలు చెక్కుచెదరకుండా ఉన్న నిమ్మకాయ మీద దీని బీజాలు ఎన్ని పడినా ఊరికే ఉంటాయి. ముల్లు గీసుకున్నా, గోరు దిగినా, తొడిమ ఊడి తోలు చిరిగినా ఆ చోట ఊరిన రసంలో మొలకెత్తుతాయి. అంటే వ్యాధి మొదలయ్యేది కోత నాడు, ఆ తర్వాత గ్రేడింగులో, బస్తాలో. గూడూరు నిమ్మలో బస్తాకు అడుగున పడిన కాయలు ముందు బూజు పట్టడానికి కారణం ఇదే. గాయమైన కొన్ని గంటల్లోపు బ్యాక్టీరియాను ఆ గాయంలోకి చేర్చగలిగితే పోటీ నిజంగా ఉంటుంది.

రైల్వే కోడూరు అరటిలో గెల నుంచి హస్తాలను కోసిన చోట వచ్చే కుళ్లూ ఇదే కోవలోది. కోత ముఖం మొత్తం తాజా గాయమే.

మామిడి మచ్చ తెగులు కథ వేరు. దీన్ని కొందరు పక్షికన్ను తెగులంటారు. కారణం కొల్లెటోట్రైకమ్ గ్లియోస్పోరియాయిడిస్, దాని దగ్గరి చుట్టాలు. ఎండిన పుల్లల మీద, మాడిన పూగుత్తుల మీద ఇది బతుకుతుంది. వాన చినుకు తగిలినప్పుడు బీజాలు కిందికి కారి కాయ మీద పడతాయి. తోలు తడిగా ఉంటే కొన్ని గంటల్లో మొలకెత్తి, అప్రెస్సోరియం అనే గట్టి నల్లటి బొడిపెను కట్టుకుని, దాని కింది నుంచి సన్నటి మొనను తోలు పైపొరలోకి దించుతుంది. ఇక్కడ ఆగిపోతుంది. పచ్చికాయ తోలులో రిసార్సినాల్ అనే సహజ శిలీంధ్ర నిరోధకాలు నిండుగా ఉంటాయి, సొనలో శిలీంధ్ర గోడను కరిగించే కైటినేజ్ ఎంజైములు ఉంటాయి, తోలు పుల్లగా గట్టిగా ఉంటుంది. కాయ మాగడం మొదలయ్యాక రిసార్సినాల్ తగ్గుతుంది, చక్కెర పెరుగుతుంది, గోడలు మెత్తబడతాయి. నెలల తరబడి ఆగి ఉన్నది అప్పుడు కదులుతుంది.

ముచ్చిక కుళ్లు మరీ మొండిది. లాసియోడిప్లోడియా థియోబ్రోమే, దానితో పాటు మరికొన్ని జాతులు కొమ్మల కణజాలంలోనే ఏ లక్షణమూ చూపకుండా ఉంటాయి. అక్కడి నుంచి పూకాడలోకి, తొడిమలోకి చేరతాయి. కోసిన తర్వాత ముచ్చిక నుంచి కాయలోకి దిగుతాయి. తోలు మీద పూసిన బ్యాక్టీరియాకు అది అందనే అందదు.

కాబట్టి నిమ్మకూ అరటికీ బ్యాక్టీరియా వాడే గడువు కోసిన తర్వాత కొన్ని గంటలు. మామిడికి ఆ గడువు పూత నాటి నుంచే మొదలవుతుంది. కోసిన కాయను షెడ్డులో బ్యాక్టీరియా కలిపిన నీళ్లలో ముంచడం చివరి మెట్టు మాత్రమే. మామిడిలో బ్యాక్టీరియా ఫలించలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆ చివరి మెట్టు ఒక్కటే ఎక్కినవాళ్లు.

లోపల జరిగే పని

ఈ రంగంలో మొదట బాగా పేరొచ్చిన పని 1984లో అమెరికాలో ప్యూసీ, విల్సన్ పీచ్ పండ్ల మీద చేసినది. బాసిల్లస్ సబ్టిలిస్ రకం ఒకదానితో వాళ్లు గోధుమ కుళ్లును ఆపారు. ఆ బ్యాక్టీరియా విడుదల చేసే ఇటురిన్ అనే పదార్థమే ముఖ్య కారణమని తర్వాత తేలింది. ఇటురిన్, ఫెంజిసిన్, సర్ఫాక్టిన్ మూడూ లైపోపెప్టైడ్లు, అంటే కొవ్వు తోక ఉన్న చిన్న ప్రోటీన్ ముక్కలు. శిలీంధ్రపు పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం (స్టెరాల్) ఉంటుంది. ఇటురిన్ దాన్ని పట్టుకుని పొరకు చిల్లులు పెడుతుంది, లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. బ్యాక్టీరియా పొరలో మామూలుగా స్టెరాల్ ఉండదు కాబట్టి తనకు తాను హాని చేసుకోదు. ఫెంజిసిన్ దారాలుగా పెరిగే బూజుల మీద గట్టిగా పనిచేస్తుంది. సర్ఫాక్టిన్ సబ్బులాంటి గుణంతో బ్యాక్టీరియా తోలు మీద పరుచుకుని పొరలా అతుక్కోవడానికి సాయపడుతుంది.

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ దారి కొంత వేరు. అది ఇనుమును లాక్కునే పయోవర్డిన్ అనే పసుపుపచ్చ పదార్థాన్ని వదులుతుంది. ఇనుము దొరకని శిలీంధ్ర బీజం మొలకెత్తడానికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో గాయంలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు బ్యాక్టీరియా తినేస్తుంది. దీనితో పాటు కాయ సొంత రక్షణను కూడా కొంత రేపుతుంది: పెరాక్సిడేజ్, కైటినేజ్ లాంటి ఎంజైములు పెరుగుతాయి. 2004లో కోయంబత్తూరు నుంచి వచ్చిన మామిడి ప్రయోగంలో ఎఫ్.పి. 7 అనే సూడోమోనాస్ రకాన్ని, శిలీంధ్ర గోడల్లో ఉండే కైటిన్‌తో కలిపి కోతకు ముందు చెట్ల మీదే పిచికారీ చేసి, కాయలో ఈ ఎంజైములు పెరగడాన్ని, మచ్చ తెగులు తగ్గడాన్ని చూపారు. అది షెడ్డులో చేసిన పని కాదని గమనించాలి.

ఏది ఎంచుకోవాలన్నది ఉష్ణోగ్రత తేలుస్తుంది. బాసిల్లస్ గట్టి స్పోరు (నిద్రాణ రూపం) కడుతుంది. ఎండను, ఆరుదలను, మే నెల గోడౌన్ వేడిని తట్టుకుంటుంది. అయితే 12–13 డిగ్రీల్లో మామిడిని నిల్వ ఉంచితే సబ్టిలిస్ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. అక్కడ అది ముందే తయారుచేసి ఉంచిన లైపోపెప్టైడే పనిచేస్తుంది గానీ ప్రాణి పనిచేయదు. సూడోమోనాస్ చల్లటి గదిలో హాయిగా పెరుగుతుంది, కానీ స్పోరు కట్టదు. ఆరిన తోలు మీద గంటగంటకూ చస్తుంది. మామూలు గాలిలో మాగబెట్టి లోకల్‌గా అమ్మే కాయకు బాసిల్లస్, చల్లగా ఉంచే రీఫర్ కంటైనర్‌లో వెళ్లే కాయకు సూడోమోనాస్ తరహావి అన్నది స్థూలంగా పనికొచ్చే లెక్క. అమెరికాలో 1995లో నమోదైన బయోసేవ్ ఉత్పత్తి సూడోమోనాస్ సిరింజేతో తయారైనది. దాన్ని యాపిల్, నారింజ జాతి పండ్ల కోసం తెచ్చారు. అవి శీతల గిడ్డంగి పండ్లు కావడం కాకతాళీయం కాదు. దక్షిణాఫ్రికాలో అవకాడోకు సబ్టిలిస్‌ను, మామిడికి లైకెనిఫార్మిస్ అనే మరో బాసిల్లస్‌ను ప్యాక్‌హౌస్ స్థాయిలో పరీక్షించారు. మామిడిలో బ్యాక్టీరియా ఒక్కదాని మీదే ఆధారపడకుండా వేడినీళ్లు, తగ్గించిన మోతాదు మందు జత చేశారు.

సంచి మీది అంకె, తొట్టిలోని అంకె

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. లెక్క చిన్నది, ఎవరైనా వేసుకోవచ్చు.

గాయంలో శిలీంధ్రాన్ని ఆపిన ప్రయోగాలు మామూలుగా మిల్లీలీటరుకు 1 కోటి నుంచి 10 కోట్ల బ్రతికున్న కణాలు వాడతాయి. బ్యాక్టీరియా కలిపిన టాల్కు పొడి సంచి మీద గ్రాముకు 10 కోట్ల సి.ఎఫ్.యు. (బ్రతికున్న కణాల లెక్క) అని ఉందనుకుందాం. దుకాణంలో లీటరుకు 10 గ్రాములు కలపమంటారు. 10 గ్రాముల్లో 100 కోట్లు ఉంటాయి, వాటిని 1,000 మిల్లీలీటర్లకు పంచితే మిల్లీలీటరుకు 10 లక్షలు. కావలసిన కనిష్ఠానికి పదో వంతు, గరిష్ఠానికి నూరో వంతు. ఆకు మీద పదేపదే కొట్టే పిచికారీకి అది సరిపోవచ్చు, గాయంలో ఒకేసారి గెలవాల్సిన ముంపుకు సరిపోదు. పోనీ లీటరుకు 100 గ్రాములు కలిపితే అంకె కుదురుతుంది గానీ కాయ సున్నం కొట్టినట్టవుతుంది, మండీలో ఎవరూ ముట్టరు. అందుకే షెడ్డు పనికి టాల్కు పొడి పనికిరాదు, ద్రవరూపమే తీసుకోవాలి. మిల్లీలీటరుకు 100 కోట్లు ఉన్న ద్రవాన్ని లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు కలిపితే మిల్లీలీటరుకు 1 కోటి వస్తుంది. 500 లీటర్ల తొట్టికి 5 లీటర్లు. అదే సీసా మీద 10 కోట్లని ఉంటే 50 లీటర్లు పోయాలి, ఆ ఖర్చుకు ఏ కాయా తట్టుకోదు. అంకెలో ఒక్క సున్నా తేడా, అంతే. కొనే ముందు సీసా తిప్పి ఆ గీత చదవడం ధర అడగడం కంటే ముఖ్యం.

ఆ అంకె తయారైన రోజుది. సూడోమోనాస్ పొడి నాలుగైదు నెలలకే బాగా పడిపోతుంది. రేకుల కప్పు దుకాణంలో ఏప్రిల్, మే నెలలు గడిపితే ఇంకా త్వరగా. బాసిల్లస్ స్పోర్లు ఏడాది పైనే నిలుస్తాయి. టన్నుల లెక్కన వాడేవాళ్లు ఒక్కసారి లెక్క పెట్టించుకోవడం మంచిది. ప్లాంట్ పాథాలజీ ల్యాబు ఉన్న చోట, ఉదాహరణకు వ్యవసాయ కళాశాలల్లో, ఇది మామూలు పనే: 1 మి.లీ. నమూనాను 9 మి.లీ. శుభ్రమైన నీటిలో కలిపి పది రెట్లు, అందులోంచి మళ్లీ 1 మి.లీ. తీసి మరో పది రెట్లు, ఇలా ఆరు సార్లు పలచన చేస్తారు. చివరి గొట్టంలోంచి 0.1 మి.లీ. ప్లేటు మీద పరుస్తారు. మర్నాడో మూడో రోజో 45 కాలనీలు వస్తే 45 × 10 × 10 లక్షలు, అంటే మిల్లీలీటరుకు 45 కోట్లు. ప్లేటుకు 30 నుంచి 300 మధ్య వస్తేనే లెక్క నమ్మదగినది. బాసిల్లస్ అయితే నమూనాను 80 డిగ్రీల్లో 10 నిమిషాలు వేడి చేసి పరిస్తే స్పోర్లు మాత్రమే మిగిలి మొలుస్తాయి. సూడోమోనాస్‌కు కింగ్స్ బి మాధ్యమం వాడతారు, అల్ట్రావయొలెట్ దీపం కింద పచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపు ఒక్కటే చూసి తృప్తిపడకూడదు. మనుషులకు జబ్బు చేసే ఎరుజినోసా అనే చుట్టం కూడా మెరుస్తుంది. అది 42 డిగ్రీల్లో పెరుగుతుంది, ఫ్లోరెసెన్స్ పెరగదు. తేడా అక్కడ తెలుస్తుంది.

అందుకే బెల్లం నీళ్లలో సీసా పోసి డ్రమ్ములో ఇంట్లోనే పెంచుకుని కాయలు ముంచే పద్ధతి మానుకోవాలి. పొలంలో నేలకు పోసే జీవామృతం సంగతి వేరు. డ్రమ్ములో పెరిగేది మనం వేసిన రకమేనని ఎవరూ చెప్పలేరు. సబ్టిలిస్‌కు దగ్గరి బంధువైన బాసిల్లస్ సీరియస్ అన్నంలో విషం పుట్టించే రకం. తోతాపురిని తోలుతోనే ఉప్పూకారం అద్దుకుని తినేవాళ్లం మనం. పైగా మిగిలిన బెల్లం కాయ మీద ఆరి శిలీంధ్రానికి కూడా మేతవుతుంది.

తోటలో మొదలు

మామిడికి అసలు పని ఇక్కడ ఉంది. మన దగ్గర పూత డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగుతుంది. బేనీషా కోత ఏప్రిల్ చివర నుంచి, తోతాపురి జూన్, జూలైల్లో. బేనీషా ఎక్కువ భాగం పొడి ఎండలో పక్వానికి వస్తుంది, మార్చి–మే జల్లులు పడిన ఏడే మచ్చ తెగులు విరుచుకుపడుతుంది. తోతాపురి, నీలం మాత్రం నైరుతి జల్లుల్లోకి నేరుగా వెళతాయి.

ముందు ఎండు పుల్లలు, మాడిన గుత్తులు కోసి తోట బయట కాల్చాలి. బీజాల కార్ఖానా అదే. ముచ్చిక కుళ్లుకు దీనికి మించిన మందు లేదు. బ్యాక్టీరియా పిచికారీ చేయాల్సింది పూత పూర్తిగా విచ్చినప్పుడు, పిందె బఠాణీ అంత ఉన్నప్పుడు, గోలీ అంత ఉన్నప్పుడు, ఆ తర్వాత వాన సూచన ఉన్నప్పుడు, చివరిగా కోతకు రెండు వారాల ముందు. పొడి అయితే లీటరుకు 5 నుంచి 10 గ్రాములు, వడకట్టి పోయాలి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. పెద్ద చెట్టుకు 10 నుంచి 15 లీటర్లు పడుతుంది. ఎకరాకు 40 చెట్లున్న పాత తోటలో 400 నుంచి 600 లీటర్లు. చివరి పిచికారీకి మాత్రం ద్రవరూపం వాడితే కాయ మీద తెల్లమరక ఉండదు. సాయంత్రం నాలుగు దాటాక కొట్టాలి. మధ్యాహ్నపు ఎండలోని అల్ట్రావయొలెట్‌కు సూడోమోనాస్ నిలవదు.

కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం, స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కొట్టిన చోట కనీసం పది, పదిహేను రోజుల ఎడం ఇవ్వాలి. ఒకే ట్యాంకులో కలిపితే బ్యాక్టీరియా అక్కడే చస్తుంది. శిలీంధ్రనాశిని కదా, బ్యాక్టీరియాను ఏం చేస్తుందిలే అనుకుని రాగి మందు కలపడం మనవైపు చాలా తరచుగా జరిగే పొరపాటు.

కోత నుంచి క్రేటు దాకా

దోటితో కొట్టి రాల్చిన కాయ మీద ఏ బ్యాక్టీరియా గురించీ మాట్లాడుకోవడం అనవసరం. చిక్కంలో పడేలా, రెండంగుళాల తొడిమతో కోయాలి. షెడ్డులో తొడిమను అర అంగుళం కంటే తక్కువకు కత్తిరించి, వెంటనే తలకిందులుగా జల్లెడ బల్ల మీద రెండు గంటలు ఉంచితే సొన కిందికి కారిపోతుంది. సొన తోలు మీద పారితే అందులోని నూనెలు తోలును కాలుస్తాయి. ఆ కాలిన గీత కొత్త గాయమే, ఆస్పర్జిల్లస్ నల్ల బూజు అక్కడి నుంచే మొదలవుతుంది. సొన కడగడానికి లీటరుకు 5 గ్రాముల సున్నం కలిపిన నీళ్లు వాడతారు. మంచిదే, కానీ ఆ నీటి పి.హెచ్. 12 దరిదాపుల్లో ఉంటుంది. సున్నపు నీటి నుంచి తీసిన కాయను నేరుగా బ్యాక్టీరియా తొట్టిలో వేస్తే కొద్దికొద్దిగా తొట్టి అంతా క్షారమై సూడోమోనాస్ నశిస్తుంది. మధ్యలో మంచి నీటి కడుగు తప్పనిసరి.

క్లోరిన్‌తోనూ అంతే. కడిగే నీటిలో 100 పి.పి.ఎం. క్లోరిన్ కావాలంటే 4 శాతం హైపోక్లోరైట్‌ను లీటరుకు 2.5 మి.లీ. వేస్తారు. మన బోరు నీళ్లు చాలాచోట్ల క్షారంగా ఉంటాయి కాబట్టి పి.హెచ్. 8 దాటితే క్లోరిన్ సగం పని కూడా చెయ్యదు. పి.హెచ్. 6.5–7.5 మధ్యకు దించుకోవాలి. ఆ నీళ్లు బీజాల్ని చంపడానికి, తర్వాతి తొట్టి బ్యాక్టీరియాను నాటడానికి. వరస తారుమారైతే మొదటి తొట్టి రెండోదాన్ని చంపేస్తుంది. మున్సిపల్ కుళాయి నీళ్లతో బ్యాక్టీరియా కలిపేటప్పుడు నీళ్లను ముందురోజు రాత్రే మూత లేకుండా నింపి ఉంచండి.

ఇప్పుడు వేడి. లోపల ఆగి ఉన్న మచ్చ తెగులును కదలకుండా చేయగలిగేది మందు కాకుండా ఇదొక్కటే: 52 డిగ్రీల నీటిలో 5 నుంచి 10 నిమిషాలు. 50కి తగ్గితే శిలీంధ్రం తప్పించుకుంటుంది, 55 దాటితే తోలు ఉడికి తర్వాత సమంగా మాగదు. పేరుకు ఇంత తేలిక, షెడ్డులో ఇంత కష్టమైన పని మరొకటి లేదు. 500 లీటర్ల 52 డిగ్రీల నీటిలో 30 డిగ్రీల కాయ 100 కిలోలు ఒకేసారి వేసి హీటర్ ఆపేస్తే, వేడి కాయలోకి పూర్తిగా దిగేసరికి నీరు 48–49కి పడిపోతుంది. అంటే థర్మామీటరు మొదట చూసి వదిలేస్తే లాభం లేదు. కాయ తక్కువ వేయాలి, హీటరు సామర్థ్యం పెంచాలి, నీటిని పంపుతో తిప్పుతూ ఉండాలి. పక్వానికి రాని లేతకాయ ఈ వేడికి మచ్చలు తేలుతుంది.

వేడి తర్వాత కాయను మామూలు నీళ్లతో చల్లార్చి, అప్పుడు బ్యాక్టీరియా తొట్టి. ఈ వరసకు కారణం ఉంది. వేడి నీరు తోలు మీది చెడ్డ సూక్ష్మజీవులతో పాటు మంచివాటినీ తుడిచేస్తుంది. ఖాళీ అయిన తోలు మీద ఎవరు ముందు చేరితే వాళ్లదే రాజ్యం. వేడినీళ్లు మాత్రమే చూపించి మురికి క్రేట్లలో సర్దిన సరుకు, అసలేమీ చేయని సరుకు కంటే త్వరగా బూజు పట్టడం అందుకే.

తొట్టి ప్లాస్టిక్‌ది గానీ స్టెయిన్‌లెస్ స్టీలుది గానీ అయి ఉండాలి, పురుగుమందులు కలిపినది కాకూడదు. ముంపు 2 నుంచి 5 నిమిషాలు. కాయ చల్లగా లేకుండా వేడిగా ఉండి నీళ్లు చల్లగా ఉంటే ముచ్చిక దగ్గరి సందుల్లోంచి నీరు లోపలికి పీల్చుకుపోతుంది. టమోటాలో ఇది మరీ ప్రమాదం: తొడిమ మచ్చ గుండా మురికినీరు దిగి మెత్త కుళ్లు పుడుతుంది. నీరు కాయ కంటే నాలుగైదు డిగ్రీలు వెచ్చగా ఉంచడం ఇందుకే. క్రేట్లు ముంచే కొద్దీ మట్టం తగ్గుతుంది. పచ్చి నీళ్లు పోసి నింపితే పలచబడుతుంది, అదే మోతాదులో కలిపిన ద్రావణమే పోయాలి. నీరు బురదగా మారినా, మధ్యాహ్నం అయినా పారబోసి కొత్తది కలపాలి. రాత్రి నిలవ ఉంచిన తొట్టిలో పొద్దున ఏముందో దేవుడికే తెలియాలి.

నిమ్మ, బత్తాయికి తొట్టిలో లీటరుకు 10 గ్రాముల వంటసోడా కలిపితే పచ్చ బూజు మీద బ్యాక్టీరియా పని బాగా పెరుగుతుంది. సోడా శిలీంధ్ర బీజం మొలకను ఆలస్యం చేస్తుంది, బాసిల్లస్‌కు పెద్దగా హాని చెయ్యదు. ఇది చాలాచోట్ల నిలబడిన ఫలితం. కైటిన్ నుంచి తీసే కైటోసాన్ పూతను కూడా కలపమని చెప్పేవాళ్లుంటారు. కైటోసాన్ స్వయంగా బ్యాక్టీరియాను చంపుతుంది, ఒకే తొట్టిలో రెండూ వద్దు.

తీసిన కాయను నీడలో ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టి సర్దాలి. తడి కాయను మూత వేసిన అట్టపెట్టెలో పెడితే బ్యాక్టీరియాకు కావలసిన తేమ శిలీంధ్రానికి రెట్టింపు ఉపయోగపడుతుంది. కోత నుంచి ముంపు దాకా మొత్తం 24 గంటలు దాటకూడదు, 12 గంటల్లోపు అయితే ఇంకా మేలు.

మాగబెట్టే గదిలో ఇథిలీన్ 100 పి.పి.ఎం. దాకా అనుమతి ఉంది, కార్బైడుకు లేదు. కార్బైడు పొట్లం పక్కన కాయ తోలు వేడెక్కి గాయపడుతుంది కాబట్టి పైన చెప్పిన శ్రమ అంతా ఆ పొట్లం దగ్గర పోతుంది.

ఎవరికి గిట్టుతుంది

చిత్తూరు, బంగారుపాళ్యం వైపు ర్యాంపుల (కాయ కొనే స్థలాలు) మీద గుట్టలు పోసే తోతాపురికి ఈ ముంపు వద్దు. ఒకటి రెండు రోజుల్లో గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లే కాయ అది. అక్కడ ఖర్చు పెట్టాల్సింది నీడ కోసం, గుట్ట ఎత్తు తగ్గించడం కోసం. ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలు బారులు తీరి రెండు రోజులు ఎండలో నిలబడితే బ్యాక్టీరియా చేసేదేమీ ఉండదు. పలమనేరు, మదనపల్లె టమోటాకూ వద్దంటాం: పొలం నుంచి నేరుగా క్రేటులో మార్కెట్‌కు వెళ్లే సరుకును తడపడమంటే కొత్త కుళ్లును కొనితెచ్చుకోవడమే. దూరం వెళ్లే బేనీషా, ఇమామ్‌పసందు, పెట్టెల్లో అమ్మే నిమ్మ, హస్తాలుగా కోసి పంపే అరటి — ఇవీ పెట్టుబడికి తగినవి.

దీనితో వందకు తొంభై ఎనిమిది కాయలు కాపాడతామని ఎవరైనా చెబితే నమ్మకండి. మంచి శిలీంధ్రనాశిని ఇచ్చే స్థిరత్వం బ్యాక్టీరియా ఒక్కటే ఇవ్వలేదు. ప్రపంచంలో ఇలాంటి ఉత్పత్తులు కొన్ని ఆర్భాటంగా వచ్చి మార్కెట్ నుంచి తప్పుకున్నది అందువల్లే. బయోసేవ్‌తో పాటు 1995లోనే అమెరికాలో నమోదైన ఆస్పైర్ అనే ఈస్ట్ ఉత్పత్తి వాటిలో ఒకటి. ఇంకో మాట లేబుల్ గురించి. దుకాణంలో దొరికే ఎక్కువ సంచులు విత్తనశుద్ధికి, నేలకు, పైరు మీద పిచికారీకి రాసినవి. కోసిన పండుకు వాడతామంటే లేబుల్‌లో ఆ వాడకం ఉందో లేదో ఉద్యానశాఖ అధికారిని అడిగి, ఎగుమతి అయితే కొనేవాళ్ల రాతపూర్వక సమ్మతి తీసుకుని మొదలుపెట్టడం క్షేమం.

పెద్ద తొట్టి కట్టించే ముందు నాలుగు క్రేట్లతో పరీక్ష చేసుకోవచ్చు. ఒకే చెట్టు వరస నుంచి, ఒకే రోజు కోసిన కాయలు క్రేటుకు 30 చొప్పున. ఒకటి మంచినీళ్లలో ముంచినది, ఒకటి వేడినీళ్లు మాత్రమే, ఒకటి బ్యాక్టీరియా మాత్రమే, ఒకటి వేడినీళ్ల తర్వాత బ్యాక్టీరియా. మంచినీళ్ల క్రేటును ఖర్చు దండగ అని వదిలేస్తే మిగతా మూడింటికీ అర్థం ఉండదు. నాలుగింటినీ ఒకే గదిలో, ఒకదానికొకటి తగలకుండా పెట్టి, రోజూ మచ్చ పడిన కాయలు లెక్క రాసుకోవాలి. మచ్చ ముచ్చిక దగ్గరా, భుజం మీదా, గీత పడిన చోటా అన్నది కూడా విడిగా రాయాలి. గీతల దగ్గర కుళ్లు తగ్గి భుజాల మీద చుక్కలు అలాగే వస్తుంటే సీసాలో సరుకు మంచిదే, తోటలో పిచికారీ చాల్లేదని అర్థం. గీతల దగ్గర కూడా మంచినీళ్ల క్రేటుకూ దీనికీ తేడా లేకపోతే తప్పు సీసాదా, నీళ్లలోని క్లోరిన్‌దా, కోతకూ ముంపుకూ మధ్య పోయిన గంటలదా అన్నది చూడాలి. రెండూ తగ్గి ముచ్చిక కుళ్లు ఒక్కటే మిగిలితే, వచ్చే ఏడు ఎండు పుల్లల కోతకు కూలీలను పెట్టుకోవాల్సిందే.